మారుమోతమ్మ

ఆమె చర్చిలు కడుతుంది. ఇళ్ళు కట్టమంటే కట్టదు, దుకాణాలు కట్టమంటే కట్టదు, ఆసుపత్రి అంటే వినిపించుకోదు. "అదేంటమ్మా, ఆర్కిటెక్టువేగా, నాలుగు గోడలు గీయలేవా?" అని ఎవరైనా అడిగితే, "గీయగలను. కానీ ఆ గోడల మీద నాకు కోపం లేదు" అంటుంది. అలాంటి జవాబు విన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, టీ సగంలో వదిలేసి లేచిపోతారు. అలా ఎంతమందిని పోగొట్టుకుందో ఆమె లెక్కపెట్టుకోలేదు. అయినా ఆమె ఆఫీసులో పనికి కొదవ ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే చర్చిలు కట్టుకునేవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వస్తారు.

కొందరు భక్తితో కడతారు, కొందరు బతుకుతెరువు కోసం కడతారు. ఈమె పగతో కడుతుంది. ఆ సంగతి దాచుకునే రకం కూడా కాదు. ఆఫీసు తలుపు మీద బోర్డు చూస్తే చాలు: పెద్ద అక్షరాలతో "మారుమోత", దాని కింద చిన్న అక్షరాలతో "చర్చి భవనాల రూపకల్పన". తెలియనివాళ్ళు ఏదో ముచ్చటైన పేరు పెట్టుకుందనుకుంటారు. నిజానికది తిట్టు. సొంత చర్చి సంఘంలో జనం ఆమెకు తగిలించిన తిట్టుపేరు. ఎవరి వల్ల తగిలిందో వాడి కళ్ళబడాలనే దాన్ని వీధిలోకి కనిపించేలా రాయించింది.

కథ అక్కణ్ణించి చెప్పాలి. చదువు కాగానే ఆమె, అందరూ పెద్దాయన అని పిలిచే ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో చేరింది. అప్పట్లో ఆయన మామూలు మనిషి కాదు. బ్యాంకులు, సినిమా హాళ్ళు, పెద్ద పెద్ద భవంతులు ఏవి లేచినా షీటు కింద మూల గడిలో ఆయన సంతకమే ఉండేది. ఆఫీసు టైర్ల దుకాణం పైన, మేడ మీద. వరసగా ఏటవాలు బల్లలు, వాటి మీద పరిచిన ట్రేసింగ్ కాగితాలు, మూలన నకళ్ళు తీసే యంత్రం, దాన్నుంచి కళ్ళు మండించే అమ్మోనియా వాసన. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరిగేవాడు. ఇంకుతో గీసిన గీత తప్పయితే దాన్ని చెరపడానికి బ్లేడుతో గీకాలి. ఆ బ్లేడు ఎప్పుడూ ఆయన వేళ్ళ మధ్యనే ఉండేది.

ఆయనకు రెండు గొంతులుండేవి. ఒకటి ఎదుటివాడి కోసం, తేనె పూసినట్టుండేది. రెండోది పక్కవాడి కోసం. కట్టించుకునేవాడితో "అద్భుతమైన ఆలోచనండీ మీది" అనేవాడు. మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కన కూర్చున్నవాడితో "వీడికి మెట్లకీ నిచ్చెనకీ తేడా తెలీదు" అని గొణిగేవాడు. నిజమేదైనా ఉంటే ఆ రెండో గొంతులోనే ఉండేది. ఆ పక్క కుర్చీలో నోట్సు రాసుకుంటూ కూర్చునే ఉద్యోగం ఆమెది కాబట్టి, ఆయన నిజాలన్నీ ఆమె చెవినే పడేవి.

అలాంటి రోజుల్లో ఆమె సొంత సంఘానికి కొత్త చర్చి కట్టే పని ఆ ఆఫీసుకే వచ్చింది. పెద్దాయనదీ అదే సంఘం, ఆయన కుర్చీ వేదిక పక్కన. ఆమెది చివరి బెంచీ. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, చీర మార్చుకోకుండా కూతుర్ని రెక్క పట్టుకుని పరుగున వచ్చేసరికి ముందు బెంచీలన్నీ నిండిపోయేవి. పాత రేకుల షెడ్డులో ఆ చివరికి ఒక్క ముక్కా వినపడేది కాదు. ఇంటికెళ్తూ "పాస్టరుగారు ఏం చెప్పారమ్మా?" అని కూతురు అడిగితే, తెలీదని చెప్పడానికి నామోషీ వేసి, వాళ్ళమ్మ దారి పొడుగునా తన సొంత ప్రసంగం కల్పించి చెప్పేది. అందులో ఎక్కువగా డాక్టర్లకి శిక్షపడేది.

అందుకే ఆ చర్చి గీయమనగానే ఆమె చివరి బెంచీ నుంచి మొదలుపెట్టింది. అక్కడ కూర్చున్న మనిషికి మాట వినపడాలి. తక్కినదంతా ఆ తర్వాతే. పాస్టరు నిలబడే వేదిక మీద గొంతును జనం వైపు తోసే చెక్క గొడుగు, దాన్నుంచి మెట్లు మెట్లుగా వెనక్కి సాగే చెక్క పైకప్పు, వెనక గోడకు సందులు వదిలి కొట్టిన చెక్క పట్టీలు, వాటి వెనక మెత్త. పక్క గోడల్లో సన్నగా, పొడుగ్గా కిటికీలు. ఉదయపు వెలుతురు వాలుగా వచ్చి బెంచీల మీద పడేలా. తిండి మీద ధ్యాస లేకుండా గీసింది. ఆ కిటికీలను చూసి పెద్దాయన నిజంగానే నోరు వెళ్ళబెట్టాడు. "శభాష్" అన్నాడు. అది రెండో గొంతుతో అన్నాడు కాబట్టి ఆమె నమ్మింది.

మర్నాడు చూస్తే షీటు మూలన తన పొడి అక్షరాలున్నచోట కాగితం గరుకుగా తగిలింది. బ్లేడుతో గీకేశాడు. సరే, చేరి ఎన్నాళ్ళయిందని, ఆఫీసుల్లో ఇది మామూలేనని సర్దుకుంది. వారం తిరక్కముందే గొడుగు, చెక్క పైకప్పు, వెనక గోడ పట్టీలు కూడా ఎగిరిపోయాయి. వాటి స్థానంలో నున్నటి సున్నపు వంపు కప్పు వచ్చింది, చూడ్డానికి ఘనంగా ఉంటుందని.

"సార్, గొంతు వెళ్ళి వెనక గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఒక మాట మీద ఇంకో మాట పడిపోతుంది. ఎవరికీ ఏమీ అర్థం కాదు" అంది.

"చర్చి అన్నాక కాస్త మారుమోగాలమ్మాయ్. అప్పుడే దేవుడున్నట్టు ఉంటుంది" అన్నాడాయన.

ప్రారంభం రోజున సంఘమంతా ఆ కిటికీలను చూసి ముక్కున వేలేసుకుంది. పెద్దాయన పేరు చెక్కిన రాయి గుమ్మం పక్కన తళతళలాడుతోంది. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు వెళ్ళి గోడకు కొట్టుకుని తిరిగొచ్చింది. ప్రసంగం మొదలైంది. ప్రతి మాటా రెండుసార్లు, మూడుసార్లు దొర్లుతూ, సంతలో అందరూ ఒకేసారి బేరమాడినట్టయింది. ఎవరి చంటిపిల్లో ఏడ్చింది. తన ఏడుపే పైనుంచి తిరిగొచ్చేసరికి ఇంకెవరో ఏడుస్తున్నారనుకుని మరింత గుక్కపెట్టింది. వెనక బెంచీల్లో నవ్వులు. ఆ నవ్వులూ తిరిగొచ్చాయి.

ఆరాధన అయ్యాక సంఘపెద్దలు పెద్దాయన చుట్టూ మూగారు. ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. మొదటి గొంతు తీశాడు.

"రూపం నాదండీ. దానికి జవాబుదారీ నాదే. శబ్దం లెక్కలు మాత్రం మా ఆఫీసులో పిల్ల చేసింది. మీ సంఘం పిల్లే. చిన్నది, తెలియక చేసింది. పెద్ద మనసుతో క్షమించెయ్యండి."

ఆమె అక్కడే ఉంది. వాళ్ళమ్మ అక్కడే ఉంది. ఆమెకు తల తీసేసినట్టయింది. "అబద్ధం!" అని అరిచింది. అరుపు వెళ్ళి, గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, వెనకాలే ఆమె అంటున్న మాటలన్నిటినీ మింగేసింది. జనానికి వినపడింది ఒక ఆడపిల్ల రంకె మాత్రమే. "తప్పు చేసిందే కాక పెద్దలమీద నోరు కూడానా" అన్నారు. ఆ రోజే ఎవడో పుణ్యాత్ముడు "మారుమోతమ్మ" అన్నాడు. అది అతుక్కుపోయింది.

ఉద్యోగం ఆ మర్నాడే మానేసింది. ఏడుస్తూ కూర్చుందని అనుకోవద్దు. ఏడ్చింది, ఒక పూట. ఆ తర్వాత కడుపులో రగిలిన మంటను ఆర్పే ప్రయత్నం ఏమాత్రం చెయ్యలేదు. కిరాయికి ఒక గది, ఒక బల్ల, దీపం. మొదటిపని గోధుమ బస్తాలు దాచే పాత గోదామును చర్చిగా మార్చడం. ఎవరూ ఒప్పుకోని పని. ఆమె ఎగిరి గంతేసి ఒప్పుకుంది.

పని చెయ్యడంలో ఆమె పద్ధతులు చూసి మేస్త్రీలు మొదట పిచ్చిదనుకున్నారు. ఏ గదిలోకి వెళ్ళినా గుమ్మంలో నిలబడి ఒక్క చప్పట కొట్టి, తల వంచి వింటుంది. ఇది చుట్టాల ఇళ్ళలోనూ చేసేది. "పరువు తీస్తున్నావే, వాళ్ళు కాఫీ కోసమనుకుంటారు" అని వాళ్ళమ్మ గిల్లేది. ఇంకొకటి దుప్పట్ల సంగతి. ఖాళీ హాల్లో ఉండే శబ్దం వేరు, జనం నిండాక ఉండే శబ్దం వేరు. మనుషుల ఒళ్ళు, బట్టలు గొంతును పీల్చుకుంటాయి. అందుకని పని సగమయ్యాక ఏ హాస్టల్నుంచో పాత బొంతలు, దుప్పట్లు తెప్పించి, మనిషి ఎత్తున మూటలు కట్టి బెంచీల మీద కూర్చోబెట్టేది. పాస్టరుని వేదిక మీద నిలబెట్టి మామూలు గొంతుతో చదవమనేది. తను చివరి బెంచీలో రెండు మూటల మధ్య కళ్ళు మూసుకుని కూర్చునేది. వడ్రంగులు ఆ మూటలకు పేర్లు కూడా పెట్టారు. "ఈ సంఘం బంగారమమ్మా, ఒక్కడూ మధ్యలో లేచిపోడు" అని వేళాకోళం చేసేవారు.

గోదాము చర్చిలో ముసలివాళ్ళు సైతం ప్రతి మాటా విన్నారు. ఆ కబురు నోటినోటా పాకింది. అక్కణ్ణించి ఆమె వేట మొదలైంది. ఎక్కడ చర్చి కడుతున్నారని తెలిసినా, పెద్దాయనను పిలుస్తారని తెలిసినా, ఆమె అక్కడ ప్రత్యక్షమయ్యేది. తన గొప్పలు ఒక్కటీ చెప్పేది కాదు. "ముందు మా సంఘం చర్చికి వెళ్ళి ఒక ఆదివారం చివరి బెంచీలో కూర్చోండి. తర్వాత మీకు ఎవరు కావాలో వాళ్ళనే పెట్టుకోండి" అనేది. వెళ్ళినవాళ్ళు చెవులు గోక్కుంటూ తిన్నగా ఆమె ఆఫీసుకే వచ్చేవారు. ఆయన కట్టిన చర్చే ఆమెకు ప్రకటన. అలా ఒక్కొక్కటీ ఆయన చేతిలోంచి లాక్కుంది. కట్టిన ప్రతి చర్చి ప్రారంభానికీ ఆయన ఇంటికి స్వయంగా వెళ్ళి, నవ్వుతూ పిలిచి వచ్చేది. ఆయన ఒక్కదానికీ రాలేదు. చివరికి చర్చిలు మానుకుని అంగళ్ళ సముదాయాలకే పరిమితమైపోయాడు.

ఆమె భర్త బళ్ళో లెక్కల మాస్టారు, నెమ్మదైనవాడు. "నాకంటే ముందు నీకు ఆ పెద్దాయనతో పెళ్ళయినట్టుందే. పొద్దున లేస్తే ఆయన మాటే" అనేవాడు. ఆమె నవ్వేది కానీ కాదనేది కాదు. నిజంగానే ఆ మనిషిని తలచుకోని రోజు లేదు. ఇన్ని చర్చిలు కట్టినా, ఇంత పేరొచ్చినా, ఆ ఒక్క గుమ్మం దగ్గర రాయి అలాగే ఉంది. ఆ ఒక్క సంఘంలో ఆమె ఇంకా మారుమోతమ్మే. మంటంతా అక్కడే.

వాళ్ళమ్మ మాత్రం ఆ చర్చికి వెళ్ళడం మానలేదు, బెంచీ మారలేదు. నర్సు ఉద్యోగం అయిపోయి, మోకాళ్ళు అరిగి, కర్ర వచ్చినా ఆ చివరి బెంచీయే. "నేనెందుకు మానాలి? మానితే వాళ్ళన్నది నిజమని ఒప్పుకున్నట్టు కాదూ?" అనేది. ఎవరైనా క్షమించెయ్యమ్మా అంటే, "క్షమించమని పాస్టరుగారు చెప్తూనే ఉంటారుట. మరి నాకక్కడ వినపడదుగా!" అనేది. ఆ రాయి మీద కూతురి పేరు చూసేదాకా తనను తీసుకెళ్ళొద్దని దేవుడితో గట్టిగా చెప్పి ఉంచానని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ సంఘానికి కొత్త పాస్టరు వచ్చాడు. వయసులో చిన్నవాడు, మంచివాడు, సన్నటి గొంతు. ఆ హాల్లో అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయి, డాక్టరు నోరు మూసుకోమన్నాడు. మైకులు పెట్టి చూశారు. ఒక మారుమోత పది మారుమోతలయింది. ఇక దారిలేక సంఘపెద్దలు తల వంచుకుని "మారుమోత" బోర్డు కింద నుంచి లోపలికొచ్చారు. ఆ బోర్డు చదివి ఒకాయన గుటకలు మింగడం ఆమె చూసింది. చూసి లోలోపల పండగ చేసుకుంది.

"బాగుచేస్తాను. ఆ రాయి తీసి, గీసింది నేనని ఇంకో రాయి పెట్టండి" అంది.

పెద్దలు నీళ్ళు నమిలారు. "పెద్దాయన బతికుండగా ఆ రాయి ఎలా కదుపుతామమ్మా? మాకు మాత్రం ఏం తెలుసు, ఎవరు గీశారో? ఆయన నోటితో ఆయన చెబితే మాకేం అభ్యంతరం?"

"సరే. ప్రారంభం రోజున, సంఘం ముందు, ఆ వేదిక మీదే చెప్పించండి. మైకు పెట్టకూడదు."

వాళ్ళు వెళ్ళి ఆయన్ని అడిగారు. "చెప్తాలే, ఆ రోజు రానివ్వండి" అన్నాడట. ఏం చెప్తాడో అనలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మాస్టారు అడిగాడు, "చేతులారా బాగుచేస్తే ఆయన చర్చి బాగుపడుతుంది. అలా వదిలేస్తే ఆయన పరువు రోజూ పోతూనే ఉంటుంది కదా?" అని. ఆమెకూ ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఆ హాల్లో ఆయన నిజం చెప్పినా ఎవరికీ వినపడదు. ఆయన నోట్లోంచి మాట రావాలి, వచ్చిన మాట అందరికీ చేరాలి. అంటే తన పనితనమంతా ఆయన పేరున్న ఆ చర్చికే ధారపొయ్యాలి. తలచుకుంటే ఒళ్ళు మండిపోయింది. వాళ్ళమ్మ మాత్రం కంచంలోంచి తలెత్తకుండా, "కట్టవే. వాడి చేత వాగించు" అంది.

కట్టింది. గీకేసిన గీతలన్నీ మళ్ళీ గీసింది. మెట్లు మెట్లుగా చెక్క కప్పు, వెనక గోడకు పట్టీలు, వాటి వెనక మెత్త. పరంజాల మీద తనే ఎక్కి దిగింది. వేదిక మీద చెక్క గొడుగు బిగించే రోజున వడ్రంగి అడిగాడు.

"అమ్మా, పాస్టరుగారు నిలబడేచోటు దాకా చాలుగా? పక్కన పెద్దల కుర్చీల మీద కూడా ఎందుకు? వాళ్ళేం ప్రసంగాలు చెప్తారా?"

"వాళ్ళు గొణుగుతారు. గొణిగింది కూడా వినపడాలి" అంది.

వడ్రంగి నవ్వేశాడు, హాస్యమనుకుని. ఆమెకు మాత్రం పెద్దాయన అలవాటు అరచేతిలో గీతంత బాగా తెలుసు. లేచి నిలబడి చెప్పేది ఎలాగూ మొదటి గొంతే. కూర్చున్నాక పక్కకు తిరిగి చెప్పేది రెండో గొంతు. బతుకంతా మారుమోగే హాళ్ళు కట్టుకుని, వాటిలో కూర్చుని, పక్కవాళ్ళతో ఇష్టమొచ్చింది గొణుక్కున్న మనిషి. తన హాళ్ళలో గొణుగుడు ఆ హోరులో కలిసిపోయి రెండో కుర్చీ దాటేది కాదు. మాట దాటే హాల్లో ఆయన ఏనాడూ కూర్చోలేదు. పిలిచినా రాలేదు కదా మరి.

పని జరుగుతుండగా ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. బాగా వంగిపోయాడు. పరంజా కింద నిలబడి పైకి చూశాడు.

"ఇంకా కోపమేనా అమ్మాయ్?"

"కోపం కాదండీ, పగ. కోపమైతే ఎప్పుడో పోయేది" అంది ఆమె, పైనుంచే.

"ఇంత వయసొచ్చింది. ఇంకా ఏం కావాలి నీకు? నాకంటే ఎక్కువ చర్చిలు కట్టావు."

"ఇది గీసింది నేనని, చెడగొట్టింది మీరని మీ నోటితో వినాలి."

ఆయన పక్కనున్న డ్రైవరు వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. పైకప్పు ఇంకా పూర్తికాలేదు కాబట్టి ఆమెకు వినపడలేదు. కానీ ఆ చెయ్యి అడ్డం పెట్టడం చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అలవాటు పోలేదు.

ప్రారంభం రోజున బెంచీలు కిక్కిరిశాయి. పెద్దాయననూ, ఆయన భార్యనూ వేదిక మీద కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆవిడ ఉత్తమురాలు, పాపం చెవులు మందగించాయి. ఆమె వాళ్ళమ్మతో చివరి బెంచీలో కూర్చుంది. పాస్టరు మైకు లేకుండా, మామూలుగా మాట్లాడినట్టే రెండు మాటలన్నాడు. అవి హాలు ఈ చివర్నుంచి ఆ చివరి దాకా శుభ్రంగా, ఒక్కసారే వచ్చాయి. జనం ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, "ఓసి నీ! ఈయన ఇంత బాగా చెప్తాడా!" అంది.

పెద్దాయనను మాట్లాడమన్నారు. ఆయన లేచి, వేదిక అంచు పట్టుకుని, ఆ తేనె గొంతు తీశాడు.

"ఈ చర్చి నా బిడ్డ. దీనికి చిన్నప్పట్నుంచీ ఒక నత్తి ఉండేది. ఆ నత్తి ఎవరి వల్ల వచ్చిందో మీ అందరికీ తెలుసు. నా శిష్యురాలే. కానీ ఇవాళ తను చేసిన తప్పును తనే వచ్చి దిద్దుకుంది. ఎంతమందికి ఉంటుందండీ అంత మనసు? నేను గర్విస్తున్నాను. ఆమెకు చప్పట్లు కొట్టండి."

సంఘం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎంత బాగా వినపడ్డాయో! తన చేత్తో కట్టిన హాల్లో తన మీద అబద్ధం ఒక్క అక్షరం పోకుండా ప్రతి చెవికీ చేరింది. ఆమె పళ్ళు బిగించింది. వాళ్ళమ్మ కర్ర పట్టుకుని లేవబోతే గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆగమ్మా. ఇంకా కూర్చోలేదు ఆయన."

ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. పాస్టరు, "అందరం తలలు వంచి మౌనంగా ప్రార్థించుకుందాం" అన్నాడు. హాలంతా తలలు వాలాయి. చీర చెంగు కదిలిన చప్పుడు కూడా లేదు. ఆమె ఒక్కతే తలెత్తి వేదిక వైపు కళ్ళార్పకుండా చూస్తోంది. పెద్దాయన భార్య ఆయన వైపు వంగింది.

"ఏవండీ, ఆ పిల్ల గీసిందని చెప్పెయ్యకపోయారా? పెద్దలకి మాటిచ్చారుగా." చెవిటివాళ్ళు గుసగుస అనుకునేది గుసగుస కాదు కదా. ముందు బెంచీలో ఒకరిద్దరు కదిలారు.

ఆయన చెయ్యి పైకి లేచింది. నోటికి అడ్డం వెళ్ళింది.

"పిచ్చిదానా, గీసింది మొత్తం ఆ పిల్లే. ఆ కిటికీలు నాకు ఈ జన్మలో వచ్చేవా? చెక్కలు పీకేసింది నేను. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళ పేరు ఏం కాను?"

ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఆఁ? ఏమన్నారు?"

ఆయన విసుక్కున్నాడు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. "గీసింది ఆ పిల్లే అంటున్నా! చెడగొట్టింది నేను! ఈ గొర్రెలకేం తెలుస్తుంది, ఊరుకో!"

ఒక్కొక్క తలే లేచింది. అందరి కళ్ళూ ముందు వేదిక మీదికి, తర్వాత గిరుక్కున చివరి బెంచీ మీదికి తిరిగాయి. పాస్టరు ప్రార్థన ముగించడం మర్చిపోయి నోరు తెరిచి నిలబడ్డాడు. పెద్దాయనకు ఇంకా అర్థం కాలేదు. ఇంతమంది ఎందుకు చూస్తున్నారా అని అటూ ఇటూ చూశాడు. తల పైకెత్తి, తన నెత్తిమీదున్న చెక్క గొడుగును చూశాడు. ఎంతైనా ఆర్కిటెక్టు. చూడగానే తెలిసిపోయింది. కుక్కిన పేనులా ముడుచుకుపోయాడు.

"వినపడింది సార్" అంది ఆమె, కూర్చున్నచోటునుంచే, మామూలు గొంతుతో. అది వేదిక దాకా వెళ్ళింది.

ఆ సంతోషం ఎలాంటిదంటే, చెప్పడానికి సిగ్గుపడాల్సినంత. ఆయన మొహంలో రక్తం లేకపోవడం ఆమె తనివితీరా చూసింది. జాలేమీ వెయ్యలేదు. వేస్తుందేమోనని భయపడింది కూడా. వెయ్యనందుకు హాయిగా ఊపిరి పీల్చుకుంది. వాళ్ళమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్వుతోంది. సంఘపెద్దల్లో ఒకాయన లేచి, రాయి సంగతి రేపే చూస్తామని, ఎవరూ అడక్కుండానే ప్రకటించేశాడు. నిన్నటిదాకా మారుమోతమ్మ అన్న నోళ్ళే "అమ్మా, అమ్మా" అంటూ దారి వదిలాయి.

పాస్టరు తేరుకున్నాడు. పాపం, నిజంగానే మంచివాడు. ఆమెను వేదిక మీదికి పిలిచాడు. ఆమె వెళ్ళింది. పెద్దాయన చెయ్యి ముందుకు చాచాడు. మొదటి గొంతూ లేదు, రెండోదీ లేదు.

"అమ్మా, నిజం బయటపడింది. ఇంక మనసులో ఏం పెట్టుకోవద్దు. ఆయన్ని క్షమించానని ఒక్క మాట అనండి. మీరు కట్టిన హాలే కదా, సంఘమంతా వింటుంది" అన్నాడు పాస్టరు.

ఆమె ఆ చేతిని చూసింది. బెంచీల నిండా ఊపిరి బిగబట్టి కూర్చున్న జనాన్ని చూసింది.

"అదేనండీ చిక్కు. ఇక్కడ అబద్ధమాడితే అందరికీ వినపడుతుంది" అంది.

మెట్లు దిగి, నడవా పొడుగునా నడిచి వెళ్ళి, వాళ్ళమ్మ పక్కన కూర్చుంది.